నర్సింహ సారు ఎంచిన స్పీకర్లు

కొత్త బియ్యం ఉడికే వాసన ఎక్కడ తగిలినా నాకు మిర్యాలగూడలో మా రైస్ మిల్లు ఆఫీసు వెనక గది గుర్తొస్తుంది. మా మేనేజరు నర్సింహ సారు అక్కడ చిన్న స్టవ్ ముందు గొంతుక్కూర్చుని, శాంపిల్ బియ్యం పిడికెడు వండి, ఉత్త అన్నమే నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవారు. కూర దగ్గరికి రానిచ్చేవారు కాదు. లెక్కలు రాయడానికి కొత్తగా చేరిన నాకు ఆ తతంగం వేడుకగా ఉండేది. గింజను చూస్తే చాలదా అని ఒకసారి నవ్వాను. "కూర మంచిగుంటే ఏ బియ్యమైనా మంచిగనే ఉంటది. ఉత్తగ తిని సూడాలె" అని ఒక ముద్ద నా చేతిలోనూ పెట్టారు.

పెన్ డ్రైవ్ పెట్టుకునే ప్లేయర్లు కొత్తగా వస్తున్న రోజుల్లో నేనొక పాత కారు కొన్నాను. కోదాడ దగ్గరి చిలుకూరులో ఉండే మా అమ్మ నాట్లు వేసే కూలీ. పొలంలో ఆమె పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లంతా వంత అందుకునేవారు. మోకాళ్లు పట్టేసి పని మానుకున్నాక పాట కూడా మానేసింది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని పాడితే పిచ్చిదంటారనేది. ఎంతో బతిమాలి ఒక పాట ఫోన్లో రికార్డు చేసి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. కారులో ఆ పాట ఆమెకే వినిపిస్తే మళ్లీ పాడుతుందేమోనని నా ఆశ. నిజం చెప్పాలంటే, అమ్మ పాట లేని ఆ ఇల్లు నాకు నచ్చేది కాదు.

కోదాడలో కార్లకు స్పీకర్లు బిగించే దుకాణానికి సారును వెంటబెట్టుకుని వెళ్లాను. ఆడియోలో ఆయనకు ఓనమాలు రావు, బేరానికి పనికొస్తారని పిలిచాను. దుకాణదారు డిక్కీ నిండా పట్టే ఊఫర్ డబ్బా పెట్టి మోగించాడు. అద్దాలు అదిరాయి, నేను ఆ మోతకు అక్కడే పడిపోయాను.

"మొదటిసారి పెట్టించేవాళ్లంతా ఇదే తీసుకుంటారండీ. డోర్లకి మామూలు స్పీకర్లు సరిపోతాయి" అన్నాడతను. నా స్తోమతకు ఊఫరో, మంచి డోర్ స్పీకర్లో, ఏదో ఒకటే.

సారు చెవుల్లోంచి వేళ్లు తీశారు. "గిది కూర తమ్మీ. అన్నం ఏది?"

దుకాణదారు తెల్లమొహం వేశాడు. సారు నా వైపు తిరిగారు. "నువ్వు ఇనాలనుకున్నదే పెట్టు. బండి చాలు చెయ్, ఇంజన్ నడుస్తుండంగనే ఇందం."

మొహమాటంగా అమ్మ పాట పెట్టాను. ఊఫర్ హోరులో ఆమె మాట ఒక్కటీ తెలియలేదు. దాన్ని ఆపించి, ముందు డోర్లకు మంచి జత తగిలించి చూశాం. అమ్మ ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. సారు కళ్లు మూసుకున్నారు.

"ఎవరు పాడేది?"

"మా అమ్మ సార్."

"ఇగ వేరేది సూడకు."

డిక్కీ ఖాళీగా ఉందని స్నేహితులు చాలా రోజులు ఏడిపించారు. నాకేం పట్టలేదు. స్పీకర్లు పెట్టించాక వచ్చిన ఆదివారం సారును కూడా తీసుకుని చిలుకూరు వెళ్లి అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాను. పాట మొదలైంది. అమ్మ కాసేపు బిగుసుకుని విన్నది. తర్వాత మొహం చిట్లించింది.

"గాడ తప్పు పాడిన. బంద్ చెయ్ బిడ్డా, నేను పాడ్త" అన్నది.

ప్లేయర్ ఆపేశాను. అమ్మ గొంతెత్తి పాడింది. వెనక సీట్లోంచి సారు శ్రుతీ లయా లేకుండా వంత అందుకున్నారు. అమ్మ నవ్వాపుకోలేక మధ్యలో ఆగి, మళ్లీ ఎత్తుకుంది. అంత ఏరి కొన్న స్పీకర్లు ఆ రోజు మళ్లీ మోగనేలేదు. నాకంత సంతోషమైన ప్రయాణం ఇంకొకటి లేదు.

సారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ అమ్మ కారెక్కగానే ప్లేయర్ ఆపించి తనే పాడుతుంది. ఆ వంత ఇప్పుడు నేను పాడుతున్నాను, అచ్చం సారులాగే శ్రుతి తప్పి.