వేళకాని వేళ మోగిన గంట

పాత చర్చీల ఫొటోలు తీయడం నాకు సరదా. రెండేళ్ల క్రితం రాజోలు దగ్గర ఓ పల్లెలో, తెల్లదొరల కాలం నాటి చర్చిలో ఫొటోలు తీస్తుంటే, కాపలాదారు నన్ను గమనించక తాళం వేసి భోజనానికి వెళ్లిపోయాడు. ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. భయమేసి గంట తాడు లాగాను.

జనం పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు ఓ పెద్దావిడ ఏడుస్తూ వచ్చి, కిటికీలోంచి నన్ను అడిగింది.

"మా ఆయనేనాండీ?"

ఆ ఊళ్లో వేళకాని వేళ గంట మోగితే ఎవరో పోయినట్టట. ఆవిడ భర్త అమలాపురం ఆస్పత్రిలో ఉన్నాడట.

"కాదండీ. తలుపు తీయమని నేనే మోగించాను," అన్నాను సిగ్గుతో.

ఆవిడ మెట్ల మీద కూలబడింది. "ఆయన కాదు కదండీ, అంతే చాలు. అన్నం తిన్నారా అమ్మా?"

నెల తర్వాత ఆయన కోలుకుని ఇంటికి వచ్చారని కాపలాదారు ఫోన్ చేసి చెప్పేదాకా నా మనసు కుదుటపడలేదు.