ఒకే సంఖ్య గొణిగిన రెండు పెట్టెలు

రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కలిపే చక్రాలను, అదే ఏరియేటర్లను, ఫోన్‌తో నడిపే పెట్టెలు తయారుచేస్తాను. చక్రం తిప్పేవాణ్ణని చెప్పుకోవడానికి నాకున్న ఆధారం అదొక్కటే. కరెంటు వచ్చిన ప్రతిసారీ పెట్టె ఒక కొత్త రహస్య సంఖ్యను పుట్టించుకుని యజమాని ఫోన్‌కే చెబుతుంది, ఆ సంఖ్యతో వచ్చిన మాటే వింటుంది. అది ఎవరి ఊహకూ అందదని రైతులకు గొప్పగా చెప్పేవాణ్ణి. నిజమే, నా ఊహకూ అందలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఆ వారమే తన గుంటకు నా పెట్టె బిగించుకున్న రైతు అక్క ఫోన్ చేసింది.

"అబ్బయా, ఏరియేటర్లు ఆన్ చేస్తే తిరగతాయి, మళ్లీ ఆగతాయి. రొయ్య పైకి తేలతా ఉండాది. పరిగెత్తి రా!"

కిందటి పంట తెగులుకు పోయింది. ఇదీ పోతే ఆమె గుంట వదులుకోవాల్సిందే. నేను వెళ్లేసరికి గట్టు మీద పక్క గుంట అన్నతో పోట్లాడుతోంది. ఆయనకూ నా పెట్టే. ముందురోజే రొయ్య పట్టేసి నీళ్లు తోడేశాడు.

"ఎండిన గుంటలో నావి తిరగతా ఉంటే ఆపుకోవద్దా? మోటార్లు కాలిపోవా?"

"నువ్వు ఆపినప్పుడల్లా నావీ ఆగతా ఉండాయి గదన్నా!"

"నా ఫోన్‌కి నీ మీద పగేందమ్మా?"

ఇద్దరూ నావైపు తిరిగారు. విషయం నాకప్పుడు వెలిగింది. ఇద్దరిదీ ఒకే కరెంటు లైను. రెండు పెట్టెలూ ఒకే క్షణంలో లేచాయి. చిప్‌లో విద్యుత్తులోని క్రమం లేని రొద నుంచి ఊహకందని సంఖ్యలు తీసే భాగం ఉంది కానీ, వైర్‌లెస్ మేలుకొన్నాకే ఆ రొద అందుతుంది. నా ప్రోగ్రాం అంతకుముందే సంఖ్య అడిగేసింది. నిద్రమత్తులో రెండూ ఒకటే గొణిగాయి. ఇక ఎవరి ఫోన్ నొక్కినా రెండు గుంటలూ వినేవి.

"అన్నా, మీ ఫోన్ ముట్టుకోవద్దు! పోయి మీ మెయిన్ స్విచ్ కట్టేయండి!"

ఆయన పరిగెత్తాడు. అక్క మళ్లీ ఆన్ నొక్కింది. ఈసారి ఏరియేటర్లు ఆగలేదు. కానీ దూరపు మూలలో రొయ్యలు అప్పటికే తెల్లబడి పక్కకు ఒరిగాయి. మిగిలినవి గట్టు వారన చేరి మూతులు పైకెత్తాయి.

"నిలబడతాయా అబ్బయా?"

ఆకాశం వైపు చూశాను. ముసురు విడవలేదు. అక్క కొనుగోలుదారుకు ఫోన్ చేసింది.

"ఐసు బండి పంపన్నా. సైజు రాలేదు, నాకు తెలవదా? బతికుండేవన్నా బతికుండంగానే ఎత్తాల."

వల వచ్చింది. ఎవరూ పిలవకుండానే నీళ్లలోకి దిగి ఒక కొస పట్టుకున్నాను. ఆమె వద్దనలేదు.

"కాలు ఎత్తి వెయ్యబాక," అంది. "ఈడ్చుకుంటా నడువు. కింద ఉండేవాటిని తొక్కేస్తావు."