సీటు కింద చప్పుడు

యూనివర్సిటీ క్వార్టర్సులో మెట్ల పక్కనున్న ఇల్లు ఆవిడది. భర్త కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. ఆ యూనివర్సిటీలోనే చదువుకుంటున్న కొడుకు పరీక్షల ముందు జ్వరం వచ్చి ఆస్పత్రికి వెళ్లాడు. మళ్లీ ఇంటికి రాలేదు. మనిషి భారీగా ఉండేవాడని ఇంట్లో వాణ్ణి బండోడు అనే పిలిచేవారు. వాడెక్కితే సైకిలు కిర్రోమని మొత్తుకునేది.

“దానికే నోరుంటే నీ మీద కేసు పెట్టేదిరా” అనేదావిడ వంటింట్లోంచి.

“పెట్టుకోమను. ముందు అన్నం పెట్టు” అనేవాడు గుమ్మంలోంచే.

వాడు పోయాక సైకిలు మెట్ల కింద అలాగే ఉండిపోయింది. దాన్ని దాటి లోపలికి రావడానికి భర్తకి కాళ్లాడేవి కావు. విద్యార్థులు పర్యావరణం కోసం పెట్టుకున్న పచ్చ క్లబ్బువాళ్లు పాత సైకిళ్లుంటే ఇమ్మని తిరుగుతుంటే ఇచ్చేశాడు. ఆవిడ వద్దనలేదు. ఆ పిల్లలకి క్షణం తీరిక ఉండదు. హాస్టల్లో పారేసిన అన్నం ఎరువు చేస్తారు, ఖాళీ గదుల్లో లైట్లు ఆర్పుతూ తిరుగుతారు. యూనివర్సిటీ లోపల మోటారు బళ్లు తగ్గాలని, పోగుచేసిన సైకిళ్లన్నిటికీ ఒకే ఆకుపచ్చ రంగు పూసి, తాళాలు లేకుండా స్టాండుల్లో పెట్టారు. ఎవరైనా ఎక్కొచ్చు, ఏ స్టాండులోనైనా వదిలెయ్యొచ్చు. ఇంటికి మాత్రం తీసుకుపోకూడదు.

అందులో ఒక స్టాండు క్వార్టర్సు ఎదురుగానే ఉంది. ఓ సాయంత్రం ఆవిడ కూర కలుపుతుంటే కిటికీ అవతల కిర్రోమంది. గరిటె చేత్తోనే గుమ్మంలోకి పరిగెత్తింది. ఎవరో పొడుగాటి కుర్రాడు సైకిలు దిగి, ఫోన్లో నవ్వుకుంటూ పోతున్నాడు.

ఆ తర్వాత ఆవిడ గుమ్మంలోకి వెళ్లడం మానేసింది. చూడకపోతే చాలు, వచ్చింది వాడే. సందె వేళకి పని తెముల్చుకుని కిటికీకి వీపు పెట్టి నిలబడేది. చప్పుడు దగ్గరికొచ్చి స్టాండు దగ్గర ఆగేది. ఇక గుమ్మంలో అడుగులు పడాలి. పడేవి కావు. ఆ ఖాళీలో ఊపిరి బిగబట్టి ఉండిపోయేది.

“నువ్వలా నిలబడుతుంటే నాకు భయంగా ఉందే” అన్నాడు భర్త.

“మీకూ వినబడుతోందిగా?”

ఆయన టీవీ గట్టిగా పెట్టుకున్నాడు.

ఓ ఆదివారం క్లబ్బు పిల్ల ఒకతి స్పానరుతో స్టాండు దగ్గర కూర్చుని, తుడవడానికి పాత గుడ్డ కావాలని వచ్చింది.

“ఆ కిర్రుగాడికి రేపు సీటు మార్చేస్తాం ఆంటీ. దాని అరుపుకి లైబ్రరీలో నిద్రపోయేవాళ్లు కూడా లేస్తున్నారు” అంది నవ్వుతూ.

ఆవిడ గుడ్డ ఇచ్చింది. ఆ పిల్ల వెళ్లిపోయాక సైకిలు నడిపించుకొచ్చి ముందుగదిలో పెట్టి తలుపేసింది. సీటు మీద రెండు చేతులూ ఆనించి నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. పెడలు తిప్పితే చక్రం మెత్తగా తిరిగింది, అంతే.

“ఏవండీ, ఒక్కసారి ఎక్కండి.”

ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఇంట్లో సైకిలెక్కి కూర్చున్న ఆయన్ని చూస్తే ఇంకొకప్పుడైతే నవ్వొచ్చేది.

“తొక్కితేనే అరుస్తుందే. ఇంట్లో ఎక్కడ తొక్కను?” అన్నాడు, దిగకుండా.

ఆ సందె వేళ కిటికీ అవతలా ఏమీ లేదు, గదిలోనూ ఏమీ లేదు.

మర్నాడు ఆ పిల్ల వెతుక్కుంటూ వచ్చి, గదిలో సైకిలు చూసి ఆగిపోయింది.

“మా అబ్బాయిదమ్మా” అందావిడ.

ఆ పిల్ల చేతిలోని కొత్త సీటు గుమ్మం పక్కన పెట్టింది. “అయితే ఉంచేసుకోండాంటీ. క్లబ్బులో నేను చెప్తాను. ఎవర్నీ ఎక్కనివ్వకండి, అంతే. సీటు కింద స్ప్రింగు విరిగింది. మొన్న మా క్లాసువాడు దాన్నెక్కి పడ్డాడు, గడ్డానికి కుట్లు పడ్డాయి. తలకీ దెబ్బ తగిలిందేమోనని రాత్రంతా ఆస్పత్రిలోనే ఉంచారు.”

“వాళ్లమ్మకి తెలుసా?”

“వచ్చారాంటీ. ఇంటికెళ్లి పడుకోమన్నా వెళ్లకుండా ఆస్పత్రి బెంచీ మీదే కూర్చున్నారు.”

ఆ బెంచీ ఆవిడకి తెలుసు. ఇనుముది. వీపుకి చల్లగా తగులుతుంది.

“చప్పుడు పోకుండా బాగుచెయ్యలేరా?”

“చప్పుడు ఆ విరిగినచోట్నుంచే వస్తోందాంటీ.”

ఆవిడ హ్యాండిలు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. “మార్చెయ్యమ్మా. నే పట్టుకుంటాను.”

పిల్ల బోల్టులు విప్పి, తెచ్చిన సీటు బిగించింది. పాతది ఉంచుకుంటారా అని అడిగితే, ఎవరూ కూర్చోని సీటు నాకెందుకు అందావిడ.

సైకిలు వెళ్లి స్టాండులో మిగతావాటి మధ్య నిలబడింది. రెండో రోజుకే అది ఏదో ఆవిడకి ఆనవాలు దొరకలేదు. సందె వేళకి సైకిళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆగుతున్నాయి. అన్నీ పచ్చవే. ఒక్కటీ నోరు మెదపదు.

చీకటి పడ్డాక భర్త తలుపు దగ్గరికెళ్లాడు. “గడియ పెట్టనా?”

“కాస్సేపాగండి” అందావిడ. “ఇప్పుడు వాడొచ్చినా మనకి వినబడదు.”