ఉడుకునీళ్ల కారులో నా మెరవణి

మా నాయనకు ఒక కారు ఉండేది. దొరల కాలం నాటిది, నల్లటిది, ముందు లైట్లు రెండూ కప్పకళ్లలా పైకి పొడుచుకొచ్చి ఉండేవి. నంద్యాలలో దాన్ని పెళ్లి మెరవణులకు బాడుగకు తోలేవాడు. మెరవణి అంటే తెలుసుగా! ముందు బ్యాండు మేళం, వెనక జనం, మధ్యలో పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కూర్చున్న కారు మనిషి నడక కంటే నెమ్మదిగా పోవాలి. బండి పరుగు తీసి ఎదురుగాలి తగిలితేనే రేడియేటర్లో నీళ్లు బాగా చల్లబడేవి. మెరవణిలో గాలి ఎక్కడిది? నాలుగు వీధులు తిరిగేసరికి మా కారు బుసలు కొట్టేది.

ఒక పెళ్లిలో అది పూర్తిగా ఉడికిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. పెళ్లికూతురు హడలిపోయి కిందికి దిగి, మిగతా దారంతా నడిచి పోయింది. "పెండ్లికూతురు దిగిపాయె! డ్రైవరప్పా, ఆ నీళ్లల్లో ఇంత కాపీపొడి ఎయ్యి!" అని ఎవడో అరిచాడు. జనం విరగబడి నవ్వారు. ఆ రోజు నుంచి దాని పేరు ఉడుకునీళ్ల కారు. బాడుగకు పిలిచే దిక్కు లేకుండా పోయింది. నాయన దాని మీద పాత టార్పాలిన్ పట్ట కప్పేసి, రైసుమిల్లు లారీ తోలడానికి కుదిరాడు. వీధిలో పెళ్లి బ్యాండు వినిపిస్తే చాలు, లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

పంతొమ్మిది వందల డెబ్భైలు ముగిసే రోజుల్లో నాకు ఆళ్లగడ్డ సంబంధం కుదిరింది. ఉదయం నంద్యాల చర్చిలో పెళ్లి, సాయంత్రం ఆళ్లగడ్డలో మెరవణి. మెరవణికి జీపు పంపుతామని కాబోయే మామ కబురు పెట్టాడు.

"జీపు లేదు, గీపు లేదు. నేను మన కారులోనే పోతా" అన్నాను.

నాయన చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా మే? నడివీధిలో ఉడికితే మొగం యాడ పెట్టుకుంటావ్?"

"ఉడక్కుండా చేద్దాం."

"అది ఉడికేదే. ముసిల్ది."

"ముసిల్దైనందుకు కాదు ఉడికేది. నువ్వు దానికేం తాపినావో నాకు తెలీదా? పసుపు డబ్బా ఎన్నిసార్లు ఖాళీ అయిందో అమ్మను అడుగు!"

అమ్మ పొయ్యి దగ్గర్నుంచే "అడగమను, అడగమను" అంది.

సంగతేమిటంటే, రేడియేటర్ కారితే మా వైపు డ్రైవర్లు చేసే వైద్యం ఒకటే. పిడికెడు పసుపు తీసి నీళ్లలో వేసేస్తారు. అది చిల్లిలో కూరుకుపోయి కారడం ఆగుతుంది. కానీ పసుపుకు చిల్లేదో గొట్టమేదో తెలుస్తుందా? లోపలి సన్న గొట్టాలు కూడా పూడుకుపోతాయి. దానికి తోడు మా బావినీళ్లు. సున్నపురాతి నేల కదా, నీళ్లు కాచిన గిన్నెకల్లా తెల్లటి పెచ్చు కట్టేది. గోకి గోకి నా గోళ్లు అరిగాయి కాబట్టి నాకు తెలుసు. ఆ నీళ్లే ఏళ్ల తరబడి కారులోనూ పోశాం. గిన్నెకు కట్టేది ఇంజనుకు కట్టదా?

రెండు రోజులు అన్నం ముట్టనని మొండికేస్తే నాయన పట్ట తీశాడు. రేడియేటర్ కింది కుళాయి తిప్పితే చుక్క రాలేదు. ఇనప తీగ పెట్టి పొడిస్తే అప్పుడు జారింది, తుప్పూ పసుపూ కలిసిన బురద. ఛీ, ఆ కంపు! చాకలిసోడాను వేడినీళ్లలో కరిగించి లోపల నింపాం. ఇంజను కాసేపు తిప్పి, చల్లారనిచ్చి, కుళాయి తిప్పి వదిలేశాం. మళ్లీ నింపాం. తొందరపడి వేడి మీదే మూత తీయబోతే నాయన నా చేతి మీద ఒక్కటి వేశాడు.

"మొగం కాల్చుకొని పెండ్లికి పోతావా?"

తర్వాత రేడియేటర్ విప్పి, మాట్లు వేసే సాయిబు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన దాన్ని వంచి లోపలికి చూశాడు. "ఏందన్నా ఇది? రేడియేటరా, పులిహోర గిన్నెనా?" అన్నాడు. నాయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పసుపు మూసిన చిల్లులన్నిటికీ ఆయన సీసం మాట్లు వేశాడు. ఇంటికొచ్చాక నీళ్లు కిందినుంచి పైకి ఎదురు కొట్టి కడిగాం, మురికి వచ్చిన దారినే వెనక్కి పోవాలని. రేకుల సందుల్లో ఇరుక్కున్న పురుగులూ వడ్లపొట్టూ బ్రష్షుతో నేనే తీశాను. రబ్బరు గొట్టాలు మార్చాం. ఇక బావినీళ్లు పోయనివ్వనని నేను ఒట్టేసుకున్నాను. మిద్దె మీంచి పడే వాననీళ్లు పట్టి, గుడ్డలో వడగట్టి పోశాం. లోపల తుప్పు పట్టకుండా లేత్ షాపువాళ్లు వాడే నూనె అందులో కలిపాం. నీళ్లలో పడగానే పాలలా తెల్లబడుతుంది అది. గోరింటాకు పెట్టుకోవాల్సిన చేతులు ఇట్లా చేసుకున్నావేందని అమ్మ తిడుతూనే ఉంది. తిట్టనీ.

ఇంటి ముందే నిలబెట్టి ఇంజను తిప్పుతూ కూర్చున్నాం. వేడి చూపే ముల్లు సగం దాకా వచ్చి ఆగింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. అయినా నాయన వాననీళ్లు నింపిన క్యాను ఒకటి డిక్కీలో పెట్టాడు. ఎందుకని అడిగితే "ఉండనీలే" అన్నాడు.

పెళ్లయింది. నాయన తోలుతుంటే ఆళ్లగడ్డ దాకా కారు హాయిగా పరుగెత్తింది. ఊరి మొదట్లో మామ మనుషులు కాచుకొని ఉన్నారు. ముసలి కారు మొగం కనపడకూడదని మామ బంతిపూలతో దట్టంగా ఒక చాప అల్లించాడు. దాన్ని తెచ్చి ముందు జాలీకి బిగించి కట్టేశారు. గాలి పోయే దారే అది! నాయన ఆడపిల్ల తండ్రి, మగపెళ్లివాళ్లు కట్టిన పూలు తీయమని ఎట్లా అంటాడు?

బ్యాండు మొదలైంది. వీధి పక్కన రాతిబొమ్మలు చెక్కేవాళ్లు ఉలులు ఆపి చూస్తున్నారు. వెనక సీట్లోంచి నేను ముల్లునే చూస్తున్నాను. సగం దాటింది. నాయన మెడ మీద చెమట ధార కట్టింది. ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది.

"ఏందీ వాసన?" అన్నాడు మా ఆయన.

"మీ నాయన కట్టించిన పూలు. ఉడుకుతాండాయి" అని తలుపు తీసి దిగాను.

చెప్పులు వేసుకోవాలని కూడా తోచలేదు. బ్యాండు ఆగిపోయింది. "పెండ్లికూతురు దిగిపాయె!" అని ఎవరో అరిచారు. ఆ మాట వినగానే నాయన తల స్టీరింగు మీదికి వాలిపోయింది. నేను కారు ముందుకు పోయి పూలచాప పట్టి లాగాను. దారం తెగకపోతే పళ్లతో కొరికాను. మామ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఈ పని? నా పూలు!"

"ముక్కు మూస్తే ఊపిరెట్లా ఆడుతుంది మామా? పైన కట్టుకుందాం, ఇంకా బాగుంటుంది" అని చాపను కారు టాపు మీదికి విసిరాను. "నాయనా, ఇంజను ఆపొద్దు! కొంచెం రెయిజ్ చెయ్యి!"

ఫ్యాను జోరుగా తిరిగింది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆవిరి కోసం చూస్తున్నారు. ఎంతకీ రాలేదు. ముల్లు మెల్లగా వెనక్కి వచ్చింది. నేను ఎక్కి కూర్చుని తలుపు గట్టిగా వేశాను.

"తోలు నాయనా."

అత్తగారి గుమ్మం ముందు నాయన కారు ఆపాడు. డిక్కీ తీసి క్యాను బయటికి తెచ్చాడు. ఇక ఉడుకునీళ్ల కారుకు నీళ్లు పోస్తాడని జనం మెడలు చాచారు. ఆయన బానెట్ వైపు చూడనే లేదు. నా దగ్గరికి వచ్చి, వీధి మట్టి అంటిన నా పాదాల ముందు వంగాడు.

"కాళ్లు ఇట్లా పెట్టు పాపా. దానికి ఈ నీళ్లు అక్కర పడలేదు."

నా పాదాల మీద నెమ్మదిగా పోశాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి.