గొడుగులక్క కుట్టిన రెక్క

ఊళ్లో మొట్టమొదట మోటారు కారు కొన్నది నూలుమిల్లు యజమాని. మొట్టమొదట దాన్ని గోడకు గుద్దిందీ ఆయనే. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని డ్రైవర్ని పెట్టుకున్నాడు. డబ్బున్నవాళ్లకు ఒక సరదా తీరేలోపే ఇంకోటి పుడుతుంది కదా, కారు పాతబడగానే ఆయన కన్ను ఆకాశం మీద పడింది. విమానం విడిభాగాలు పెట్టెల్లో తెప్పించి, మిల్లు వెనక గిడ్డంగిలో బిగించడం మొదలుపెట్టించాడు. నడపడానికి మాత్రం తాను ఎక్కుతాననలేదు. గోడ సంగతి ఇంకా మర్చిపోలేదు కాబోలు. డ్రైవర్నే పై ఊరు పంపి, మూడు నెలలు విమానం నేర్పించి తీసుకొచ్చాడు.

ఆ డ్రైవరు గొడుగులక్కకు తమ్ముడు.

గొడుగులక్కకు ఆ పేరు తండ్రి గొడుగుల దుకాణం వల్ల వచ్చింది. తల్లి పోయేనాటికి ఆమెకు పదమూడేళ్లు, తమ్ముడికి రెండు. వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకునే గొడుగు గుడ్డలు కుట్టింది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా వీడు కాస్త పెద్దవాడవనీ అని దాటేసేది. వాడు పెద్దవాడయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు. గుడ్డ బిగించి కుట్టడంలో ఆమెను మించిన చెయ్యి ఊళ్లో లేదు. గొడుగు తెరిచి గోటితో ఒక్కసారి మీటేది. టంగుమంటే సరే, లేకపోతే మొత్తం విప్పేసేది. విమానం రెక్కలకు గుడ్డ తొడగాల్సి వస్తే ఇంకెవరిని పిలుస్తారు?

మొదట కుడి రెక్క. విమానం బిగిస్తున్న మెకానిక్కు పక్కనే నిలబడి ప్రాణం తీశాడు.

"అంత లాగకక్కా! వేలు పట్టేంత వదులుండాలి. పైన పూసే వార్నీషు ఆరితే గుడ్డ దానంతటదే బిగుసుకుంటుంది. మరీ బిగిస్తే రెక్క మెలి తిరగదు. రెక్క మెలి తిరక్కపోతే విమానం మలుపు తిరగదు."

ఎడమ రెక్క దగ్గరికొచ్చేసరికి మెకానిక్కు జ్వరంతో మంచమెక్కాడు. నాలుగు రోజులు గిడ్డంగిలో ఆమె ఒక్కతే. మొదటిరోజు వదులు సంగతి గుర్తుంది. తర్వాత ఇరవై ఏళ్ల అలవాటు చేతిని లాక్కుపోయింది. పని పూర్తయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక్క ముడతైనా లేదని మురిసిపోయింది కూడా. జ్వరం తగ్గి వచ్చిన మెకానిక్కు పైపైన చూసి, బాగుందన్నాడు.

ఎగరడానికి రెండు రోజులుందనగా, వార్నీషు ఆరిన రెక్కల్ని ఆమె ఊరికే గోటితో మీటింది. కుడి రెక్క మెత్తగా పలికింది. ఎడమది టంగుమంది. గొడుగుకైతే అది సరైన మోతే, రెక్కకు కాదు. మళ్లీ మీటింది. అటువెళ్లి అది మీటి, ఇటొచ్చి ఇది మీటి, ఎన్నిసార్లు మీటినా అదే మోత. వెళ్లి మెకానిక్కుతో ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను ముందు గిడ్డంగి తలుపు దగ్గరికి వేశాడు.

"నేను చూసి సరే అన్నానక్కా. ఇప్పుడు కాదంటే ఇద్దర్నీ గెంటేస్తారు."

"విప్పి మళ్లీ కుడతాను."

"వారం పడుతుంది. ఎల్లుండి ఊరంతా వస్తోంది. ఏం కాదులే, మైదానం చుట్టూ ఒక్క చుట్టు, పది నిమిషాలు."

"చుట్టు తిరగాలంటే రెక్క మెలి తిరగాలన్నావు కదయ్యా?"

అతను పానా తుడుచుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు.

ఇంట్లో తమ్ముడు కొత్త తోలు కోటు వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఈసారికి ఎక్కనని చెప్పరా. ఎడమ రెక్క బిగువెక్కువైంది. నాదే తప్పు."

"నీ కుట్టులో తప్పా?" వాడు పగలబడి నవ్వాడు. "నువ్వు కుట్టావనేగా అక్కా నా ధైర్యం. నాకు జలుబు చేసినా ఊపిరి ఆగిపోతుందనుకునేదానివి. వెళ్లి కాసేపు పడుకో."

తప్పు తనది, ప్రాణం వాడిది. ఇందులో న్యాయమేముంది?

ఎగిరే రోజు పొద్దున్నే యజమాని ఫోటో తీయించుకుంటుంటే, జనాన్ని తోసుకుంటూ వెళ్లి చేతులు జోడించింది. రెక్క సంగతి చెప్పింది. ఆయన ఫోటో కోసం పెట్టిన నవ్వు చెదరకుండానే, "ఇది గొడుగు కాదమ్మా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

తమ్ముడు సీట్లో కూర్చుని, జనానికి చెయ్యి ఊపాడు. మెకానిక్కు ముందున్న పంకా పట్టుకున్నాడు. ఇంక ఒక్కసారి తిప్పితే ఇంజను అందుకుంటుంది. గొడుగులక్క జనంలోంచి దూసుకొచ్చింది. ఎడమ రెక్క కింద నిలబడి, గుడ్డ కోసే చిన్న కత్తితో ఒక చివర నుంచి చెయ్యి అందినంత మేర చీల్చేసింది. గుడ్డ పర్రుమని విడిపోయి రెండు పక్కలకూ ముడుచుకుపోయింది.

"అక్కా!" అన్న తమ్ముడి కేక ఒక్కటే వినిపించింది.

అక్కనీ తమ్ముణ్నీ అక్కడికక్కడే పనిలోంచి పొమ్మన్నారు. ఆమెకు పిచ్చెక్కిందని సగం ఊరు, తమ్ముడి పేరు చూసి కళ్లు కుట్టాయని మిగతా సగం. మెకానిక్కు నోరు విప్పలేదు. డేరాలు కుట్టేవాళ్లను పిలిచి, ఈసారి దగ్గరుండి వదులుగా కుట్టించాడు. పాత కుట్టుతో విమానం ఎగిరేదో కూలేదో తేల్చి చెప్పినవాళ్లు లేరు. గొడుగులక్క మాత్రం ఆ ప్రశ్నతోనే లేచేది, ఆ ప్రశ్నతోనే పడుకునేది. తమ్ముడు లారీ తోలుకుంటూ, ఇంట్లో అవసరమైన మాట తప్ప మాట్లాడటం మానేశాడు.

రెండు నెలలకు, బయటి నుంచి రప్పించిన కుర్రాడెవరో ఆ విమానం ఎక్కాడు. గొడుగులక్క వద్దన్నా వినకుండా తమ్ముడు చూడ్డానికి బయల్దేరితే, వెనకే తనూ వెళ్లింది. మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, విమానం చక్కగా దిగింది. జనం ఈలలు వేశారు, టోపీలు ఎగరేశారు.

"ఆ పది నిమిషాలూ నావక్కా" అన్నాడు తమ్ముడు, అటే చూస్తూ.

"నీవేరా. నేనే లాక్కున్నాను."

వాడు తిట్టినా బాగుండును. తల ఊపి, "ఎండగా ఉంది, ఇంటికి పద" అన్నాడు.