ఎర్రమందు బావి దగ్గర ముందు తాగినవాడు

మా పక్కింటి పిల్లగాడు పోయాడు. గత్తర తగిలింది, దవాఖానలో కలరా అంటారు. పొద్దున మంచం పట్టినవాడు పొద్దుగూకే లోపల పోయాడు. హైస్కూలు చదువు ఇంకా అయిపోలేదు, మీసం సరిగ్గా మొలవలేదు.

వాడి తోటి పిల్లలు నా దగ్గరికి వచ్చి, "తాతా, వాని గురించి నువ్వే రాయాలె, మా బడిల అందరికీ చదివి వినిపిస్తం" అన్నారు. నాకు చదువు తక్కువ. చెరుకు పండించేవాణ్ణి, దాని సంగతి అడిగితే ఎంతసేపైనా చెబుతాను, రాయమంటే ఒక్కో అక్షరం వెతుక్కోవాలి. అయినా రాస్తున్నాను. బావి నీళ్లలో కలిపే ఎర్రమందు తాగి చచ్చాడని బాన్సువాడలో ఒక మాట తిరుగుతున్నది. ఆ మాట అబద్ధం. అబద్ధమని చెప్పమని వాడే నన్ను అడిగిపోయాడు.

ఆ పిల్లలు బడిలో ఒక జట్టు కట్టారు. ఆరోగ్య జట్టు అని పేరు పెట్టుకున్నారు. సార్లు వద్దనలేదు, కానీ కట్టింది సార్లు కాదు, పిల్లలే. మా పిల్లగాడు దానికి పెద్ద. కాలి పుండులోంచి దారంలాంటి నారి పురుగు లేచి బడికి రాలేని పిల్లలు మా దగ్గర ఏటా ఉంటారు. దిగుడుబావిలో మోకాలి లోతు దిగి బిందె ముంచడం మా అలవాటు. పుండున్న కాలు నీళ్లలో పెడితే ఆ జబ్బు నీళ్లలో కలుస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి మళ్లీ లేస్తుంది. ఈ సంగతి బడిలో విన్నాక వాడు ఊరుకోలేదు. ముందు నా బావి మీదికే వచ్చాడు. మా తాత తవ్వించిన బావి అది. చుట్టూ వాడలన్నీ ఆ నీళ్లే తాగుతాయి.

"తాతా, కింది మెట్లకు కంప కొడతం. పైన గిరక పెట్టి చేదుకుంటే ఎవ్వరి కాలు నీళ్లల్ల పడదు."

"నా బావికి నువ్వు కంప కొడతవా? మీ నాయిన గూడ నన్ను అడిగే నీళ్లు ముంచిండు పిలగా!"

"నేను గూడ అడుగుతనే ఉన్న గద. ఏదీ, నీ కాలు చూపెట్టు."

చూపెట్టాను. నా పిక్క మీద నారి లేచిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. వాడు వాటిని వేలితో తడిమి, "నీళ్లకు కండ్లు లేవు తాతా, ఎవరి కాలొచ్చినా లోపటికి తీసుకుంటయి" అన్నాడు. గిరకకు కావలసిన కర్ర నా తుమ్మచెట్టుదే కొట్టించి ఇచ్చాను.

ఆడవాళ్లు తిట్టారు. "చదువుకునేటోనివి చదువుకోక మా నడుములు ఇరగ్గొడతవా?" అని ఒకామె చేంతాడు విసిరేసింది. "నీ నడుమెందుకు ఇరుగుతదక్కా, బిందె ఇటు పెట్టు, నేనే చేదిస్త" అని వాడు తాడు అందుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కేదాకా చేదిపోశాడు. "నీ పెండ్లాం నసీబు మంచిది, కాలు మీద కాలేసుకొని కూసుంటది" అని ఆమే నవ్వింది. ఆ పెళ్లాం ఎవరో ఇక మాకు తెలియదు.

వాడి భుజానికి ఎప్పుడూ ఒక ఇత్తడి చెంబు వేలాడుతుండేది. పల్లికాయ ఒలుచుకోవాలన్నా ముందు బూడిదతో చేతులు కడిగేవాడు. తోటి పిల్లలు ఎగతాళి చేస్తే, నవ్వి వాళ్ల చేతుల మీద కూడా నీళ్లు పోసేవాడు.

గత్తర రోజుల్లో దవాఖాన నుంచి ఎర్రమందు తెచ్చి బావుల్లో కలపడం ఈ జట్టు పని. నీళ్లు గులాబి రంగుకు తిరగగానే జనం భయపడేవారు, విషం అనేవారు. అందుకని వాడొక పద్ధతి పెట్టాడు. మందు కలిపి, అది నీళ్లలోని జబ్బును చంపేదాకా, రాత్రంతా బావికి కంప అడ్డం పెట్టాలి. పొద్దున కంప తీశాక అందరి ముందర జట్టు పిల్లలే మొదట తాగాలి. ఎప్పుడూ ముందు తాగేది వాడే. "నీకేం గతి పట్టిందిరా?" అని ఒకసారి అడిగాను. "తాగేటోడే మాట్లాడాలె తాతా. ఉత్త మాట ఎవలు ఇంటరు?" అన్నాడు.

ఈసారి గత్తర మొదట కింది వాడలో ఒకతన్ని తీసుకుపోయింది. మాలో ఒక ఆచారం ఉంది. శవాన్ని మోసినవాళ్లు స్నానం చేసి తడిబట్టలతోనే ఇల్లు చేరాలి. ఆ మోసినవాళ్లు కంప పీకి నా బావి మెట్ల మీదే మునిగారు, చచ్చినవాడి దుప్పటి అక్కడే పిండారు. తెలియక కాదు, తండ్రుల నాటి నుంచి అక్కడే మునుగుతున్నారు కనుక.

సంగతి తెలిసి పిల్లలు పరుగున వచ్చి మందు కలిపారు. అప్పటికే బిందెలతో జనం నిలబడి ఉన్నారు.

"రేపటిదాక మా పోరగాండ్ల నోట్లె ఏం పొయ్యాలె?"

"కాలువ నీళ్లు కాచి తాగుండ్రి. ఒక్క రాత్రి ఓపిక పట్టుండ్రి" అన్నాడు మా పిల్లగాడు.

"విషం గాకుంటే గిప్పుడే తాగు మరి. ఏంది, భయమా?"

"ఆగు పిలగా" అన్నాను నేను. వాడు జనం దిక్కు చూశాడు. వాడు తాగనంటే ఆ కంప నిమిషం నిలవదు. అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

"నేను తాగుత. మీరు రేపు పొద్దుగాల దాక ముట్టొద్దు. మాటేనా?"

"మాటే" అన్నారు.

చేదిన నీళ్లలో చెంబు ముంచి తాగాడు. జనం మాట నిలబెట్టుకున్నారు, తెల్లవారాకే చేదుకున్నారు. అలా ఆగి తాగినవాళ్లలో ఒక్కరికీ గత్తర తగల్లేదు. తగిలింది వాడికే.

వాడి మంచం దగ్గర కూర్చున్నాను. కళ్లు గుంటలు పడ్డాయి, గొంతు పోయింది. వాడి నోటి దగ్గర చెవి పెడితే గానీ మాట వినిపించలేదు. "మందుది తప్పు లేదు తాతా. దానికి రాత్రంత పనుంటది. నేనే ఆగలే. గిది అందరికి చెప్పు, లేకుంటే మందెయ్యనియ్యరు." వాళ్లమ్మ తడిగుడ్డతో పెదవులు తుడుస్తున్నది. అదే వాడి చివరి మాట.

మట్టి చేసి వస్తుంటే, మోసినవాళ్లు అలవాటుగా నా బావి దారి పట్టారు. నేను ముందు పోయి పైమెట్టు మీద కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాను.

"గిక్కడ సావు తానం లేదు. దిగువ కాలువకు పొండ్రి."

"పక్కింటి పిలగాడు పోతె గిదేనా నీ మర్యాద, ముసలోడా?"

"గిదే నా మర్యాద."

పిల్లగాడి నాయిన నా మొహం చూశాడు. వెనక్కి తిరిగి కాలువ దిక్కు నడిచాడు. ఆయన వెనుక అందరూ నడిచారు.

ఆ సాయంత్రం మిగిలిన పిల్లలు వచ్చి మళ్లీ మందు కలిపారు. పొద్దున కంప తీస్తే ఒక్క బిందె రాలేదు. వాడల వాళ్లు దూరంగా నిలబడి చూస్తున్నారు. నేను వాడి చెంబుతోనే తాగాను. గట్టిగా అన్నాను, "మొన్న ఎర్రనీళ్లు మీరు గూడ తాగిండ్రు గద, మీరెట్ల బతికిండ్రు? వాడు మందు తాగి సావలే. మీ కోసం మందు పని గాకముందే తాగి సచ్చిండు. తాగిన, అందుకే మాట్లాడుతున్న."

వాడి తల్లి ఒక్కతే బిందె పట్టుకుని వచ్చింది. చేదుకుంది, నింపుకుంది, ఎవరి మొహమూ చూడకుండా పోయింది.

ఇప్పటికి కొందరు వస్తున్నారు. కొందరు ఇంకా వాగుకే పోతున్నారు. చెంబు గిరక కర్రకే వేలాడుతున్నది. ఎర్రమందు మరక దాని అంచున గోధుమరంగులో చుట్టూ పట్టి ఉంది. ఇంట్లో గిన్నెలన్నీ చింతపండు పెట్టి తళతళ తోమే తల్లి రోజూ ఆ పక్కనే నిలబడి చేదుకుంటుంది. ఆ ఒక్క చెంబును మాత్రం ముట్టుకోదు.