పాలతో వేసుకున్న మాత్ర

ఒడిశా తీరాన మా మార్కండిలో ముసలివాళ్లు సముద్రంలో చేపలవేటకు పోయేముందు మినపగింజంత నల్లమందు వేసుకునేవారు, వల లాగేటప్పుడు నడుంనొప్పి తెలియకుండా. నల్లమందు తినే మనిషి కడుపులో పాలు పడకపోతే అది ఒంటినే తినేస్తుందని మా ఇళ్లల్లో నమ్మకం. పిల్లలకు లేకపోయినా తాతకు గిన్నెడు పాలు పెట్టేవారు.

మా అక్కకు రొమ్ము క్యాన్సరు వచ్చి నడుం ఎముకకు పాకింది. బరంపురం ఆసుపత్రిలో నొప్పికి మార్ఫిన్ మాత్రలిచ్చారు. అవీ నల్లమందు జాతివేనని తెలిసి, నేను పూటపూటా పాలతోనే వేశాను. అక్క నెమ్మదించింది. గోడకు ఆనుకుని ఎండుచేపలు ఏరుతూ, వచ్చినవాళ్లతో కబుర్లాడేది.

ఆ తరువాత మెడమీద కొత్త గడ్డ లేచింది. చెన్నైలో పడవ పనికి పోయిన అక్క కొడుకు అదే వారం ఫోన్ చేశాడు.

"సిన్నమ్మా, ఈడియోలో ఒకాయన సెప్పినాడు. ఆ మందు క్యాన్సరుని పెంచుతాదంట, ఒళ్లంతా పాకిస్తాదంట. మా అమ్మకి ఇంక ఇయ్యకు."

అక్క పక్కనే ఉండి విన్నది.

"సూసినావేటే? మందూ ఏసినాం, పాలూ పోసినాం. గడ్డని మేపినాం మనం."

మాత్రా మానేసింది, పాలూ మానేసింది. ఇక పడుకోలేదు, కూర్చోలేదు. చెమటలు, వణుకు. చీర మార్చబోతే దుప్పటి అంచు పళ్లతో కరిచి పట్టుకునేది.

"మాత్ర ఎయ్యమంటావా?" అని బతిమాలాను.

"ఒద్దే. నొప్పయితే ఓర్సుకుంటాను. అది పాకిపోతే ఏటి సేస్తావు?"

చివరికి ఆటోలో బరంపురం తీసుకుపోయాను. డాక్టరమ్మ ఒడియాలో నిదానంగా చెప్పింది. ఎలుకల్లో చూసినవాళ్లు కొందరు ఈ మందుతో గడ్డ పెరిగిందన్నారట, కొందరు పెరగలేదన్నారట. మనుషుల్లో ఏదీ తేలలేదట. పాలు గడ్డకు పోవట. మార్ఫిన్ మాత్రం ఒక్కసారిగా ఆపకూడదట, ఆ వణుకు అందుకేనట.

"మరి మెడకాడ గడ్డ మందువల్లేనా?" అక్క అడిగింది.

మందు లేకపోయినా ఈ జబ్బు పాకేదేననీ, మందువల్ల అసలు కాదని మాత్రం తాను ఒట్టు వేయలేననీ అంది డాక్టరమ్మ. నొప్పికి తిండీ నిద్రా లేక మనిషి కరిగిపోవడం తన కళ్లకు కనిపిస్తోందంది.

"అంత సదువు సదివి తెల్దంటాదేటే ఈయమ్మ," అని అక్క నావైపు తిరిగి నవ్వబోయింది. నడుం పట్టేసి, నవ్వు సగంలోనే ఆగిపోయింది. కాసేపు కళ్లు మూసుకుని, చెయ్యి చాపింది.

"తే. నీల్లతో ఇయ్యి. పాలు మాత్రం ఒద్దు."

డాక్టరమ్మ చెప్పినంతే, ఆవిడ ముందే వేశాను.

ఇంటికొచ్చాక అక్క నోరు తెరుచుకుని నిద్రపోయింది. కొడుకు ఫోన్ చేస్తే, డాక్టరమ్మ అన్నదీ, మాత్ర మళ్లీ వేసిందీ ఉన్నదున్నట్టు చెప్పాను.

"పడుకుందా?" అన్నాడు.

"పడుకుంది బాబూ."

ఫోన్ పెట్టేసి, అక్క మెడమీది గడ్డను వేలితో మెల్లగా తాకి చూశాను. నిన్నటికంటే పెరిగిందో లేదో నాకు తెలియలేదు.